గోడ అవతల బోరింగు చప్పుడు

మా మనవరాలు ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తుంది. ముందు గదిలో బల్ల వేసుకుని, చెవులకి ఏవో తగిలించుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతుంది. మొన్న వంటింట్లోంచి పనమ్మాయికి పాలు విరిగిపోయాయని చెప్పాను. కాసేపటికి మనవరాలు తలుపు తీసుకుని వచ్చి, "నాయనమ్మా, పాలు విరిగిన సంగతి బెంగుళూరులో మా మేనేజరుకి కూడా తెలిసిపోయింది. కాస్త మెల్లగా మాట్లాడవా" అంది. కోపంగా ఏమీ కాదు, నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను గానీ, తరవాత చేటలో బియ్యం పోసుకుని కూర్చున్నాక నవ్వు రాలేదు. గోడ అవతలికి వినపడేలా మాట్లాడటం నేను ఎక్కడ నేర్చుకున్నానో దానికి తెలియదు. ఆ రోజుల గురించి మా ఇంట్లో మాట్లాడుకోవడం తక్కువ.

నేను సింగరాయకొండ పిల్లని. మా నాన్న బడిపంతులు. మా పుట్టింట్లో ఆడవాళ్ళ మాట వంటింటి గుమ్మం దాటేది కాదు. అలాంటిదాన్ని తీసుకొచ్చి అద్దంకి అవతల, సాగరు కాలువ చిట్టచివర, మిరప చేల మధ్య ఉన్న ఊళ్ళో ఇచ్చారు. డెబ్భైల్లో మాట ఇది. మా అత్తగారి గొంతు విన్న మొదటి రోజు ఇంటికి నిప్పంటుకుందేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ పక్కింటావిడతో కుశలం అడుగుతోంది. ఆవిడ తప్పేం లేదు, చేలల్లో బతికిన గొంతు అది. ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. గట్టు మీంచి ఒకరు కేకేస్తే, ఎంత దూరాన ఉన్నా అవతలివాళ్ళు "ఓయ్" అని తిరుగు కేక వెయ్యాలి. బదులు రాలేదంటే పామే కరిచిందో, మందు కొడుతూ కళ్ళు తిరిగి పడిపోయారో అని చేతిలో పని అక్కడే పారేసి పరిగెత్తుతారు. నేను మాత్రం ఎవరు పిలిచినా వెళ్ళి ఎదురుగా నిలబడి "ఏమిటండీ" అనేదాన్ని. "మా కోడలు పలికిందో లేదో తెలవాలంటే పెదాలు చూడాల" అని మా అత్తగారు ఊరంతా చెప్పుకుని నవ్వేది.

పెళ్ళయిన రెండో ఏడు, మిరపకి ఆఖరి తడి పెట్టాల్సిన వేళకి కాలువలో నీళ్ళు రాలేదు. పై ఊరివాళ్ళు అడ్డకట్ట వేసి మళ్ళించుకున్నారని తెలిసి, తెల్లారుతూనే మా ఊరి మగవాళ్ళు పారలూ కర్రలూ పట్టుకుని వెళ్ళారు. మా ఆయనా వెళ్ళారు. మాటా మాటా పెరిగింది. ఆ గందరగోళంలో ఎవరి కర్ర ఎవరికి తగిలిందో తెలియదు గానీ, పై ఊరి మనిషి ఒకతను తల పగిలి కాలువలో పడ్డాడు. అది చూసి మావాళ్ళందరూ తలోదిక్కుకీ పారిపోయారు. మా ఆయన మాత్రం నీళ్ళలోకి దిగి ఆ మనిషిని గట్టు మీదికి లాగి, తలకి తన తువ్వాలు కట్టి, పక్కనే కూర్చున్నారు. పోలీసులు వచ్చేసరికి దొరికింది ఆయనొక్కరే. కొట్టింది మీరేనా అని నేను ఏనాడూ అడగలేదు. "నేనూ కర్ర పట్టుకునే వెళ్ళాను కదా" అన్నారొకసారి, చాలా ఏళ్ళ తరవాత. అంతే.

ఆ మనిషిని గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చారు. స్పృహ లేదు. మా ప్లీడరు గారు ఏదీ దాచకుండా చెప్పారు. ఆ మనిషి బతికితే కొట్లాట కేసు, పోతే హత్య కేసు, ఏదో ఒకటి తేలేదాకా బెయిలు మాట ఎత్తొద్దన్నారు. ఆ సాయంత్రం నుంచి మా అత్తగారు దీపం పెట్టేటప్పుడు ముందు ఆ మనిషి పేరు చెప్పి దణ్ణం పెట్టుకుని, ఆ తరవాతే కొడుకు పేరు చెప్పేది. నేను మొహమైనా చూడని ఒక మనిషి ఊపిరి మీద నా కాపురం ఆధారపడి ఉంది. నాకు భయం. పొద్దున లేవగానే భయం. గుంటూరు వైపు నుంచి బస్సు వస్తే, అందులోంచి ఎవరు దిగి ఏం చెప్తారో అని భయం. ఖాకీ బట్టలు కనిపిస్తే చాలు, పాపం పోస్టుమాన్ని చూసి కూడా ఒకసారి గాదె వెనక దాక్కున్నాను.

సబ్‌జైలు మా తాలూకా పట్నంలో ఉండేది. అప్పటికింకా మండలాలు రాలేదు, అన్నీ తాలూకాలే. తాలూకా ఆఫీసు పక్కనే ఎత్తైన గోడ, దానికొక చిన్న గేటు. రిమాండులో ఉన్నవాళ్ళకి మధ్యాహ్నం పూట ఇంటి భోజనం ఇవ్వనిచ్చేవాళ్ళు. నేనూ మా అత్తగారూ రోజూ క్యారేజీ పట్టుకుని, పత్తి బేళ్ళ లారీల వెనక దుమ్ము తింటూ బస్సులో వెళ్ళేవాళ్ళం. క్యారేజీ నా ఒళ్ళో ఉండేది. పప్పు గిన్నె వేడి చీరలోంచి తగులుతుంటే, ఇది ఆయన దగ్గరికి చేరేసరికి చల్లారిపోతుందే అని బెంగ. గేటు దగ్గర హెడ్ వార్డరు ప్రతి గిన్నె మూతా తీయించి, తెచ్చినవాళ్ళ చేతనే రుచి చూపించి గానీ లోపలికి పంపడు. తరవాత ఇనప జాలీ దగ్గర కాసేపు ములాఖత్. జాలీకి అటూ ఇటూ అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు. అంత గోలలోనూ మా అత్తగారి మాట నేరుగా వెళ్ళేది, నా మాట మాత్రం జాలీ దాటేది కాదు. ఆయన నా పెదాలు చూసి తల ఊపేవారు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, రోజూ ఒకటే అడిగేవారు, ఆ మనిషికి ఎలా ఉందని.

ఇలా ఉండగా పులి మీద పుట్రలా ఒక పని జరిగింది. రాత్రి పూట జైలు కూడే తినాలి. అందులో ఉప్పూ కారం ఉండవని, ముద్ద దిగడం లేదని ఆయన ఒక మాట అన్నారు. ఆ మాట తల్లి గుండెలో ముల్లులా దిగింది. మిరప పండించే ఇంట పుట్టినవాడు చప్పిడి కూడు తినడమా అని, ఆవిడ ఇంట్లో ఎండు కాయలు దంచి, మెత్తగా జల్లించి, పేపరు ముక్కలో పొట్లం కట్టి, ఒలికిపోకుండా అన్నం గిన్నెలో అడుగున పెట్టి పైన అన్నం సర్దింది. నాకూ చెప్పలేదు. గేటు దగ్గర నేను పైపై మెతుకులు నోట్లో వేసుకున్నాను. వార్డరుకి ఆ రోజు ఏం తోచిందో, గరిట గిన్నె అడుగుదాకా దింపాడు. పొట్లం పైకొచ్చింది. విప్పగానే ఆ ఘాటుకి వెనకున్నవాళ్ళందరూ తుమ్మారు. వార్డరు మొహం మారిపోయింది.

"కళ్ళల్లో కొట్టి పారిపోదామనా?" అన్నాడు.

మా అత్తగారికి ముందు ఆ మాటే అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగి కారాన్ని తినే వస్తువుగా తప్ప ఆవిడ ఎరగదు. అర్థమయ్యాక, "అయ్యా, అది అన్నంలోకండీ, చూడండి" అంటూ గుప్పెడు కారం తీసి నోట్లో వేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు కూడా రాలేదు ఆవిడకి.

"తినే కారమే కళ్ళల్లోనూ కొడతారమ్మా" అన్నాడాయన. పైవాళ్ళకి రాస్తే ఇంకో కేసవుతుందనీ, మీవాణ్ణి ఏ రాజమండ్రికో పంపించేస్తారనీ, రాయకుండా వదిలేస్తున్నందుకు సంతోషించమనీ అన్నాడు. ఆ రోజు నుంచి క్యారేజీ లేదు, ములాఖత్ లేదు.

ఇంటికి వెళ్ళడానికి మనసొప్పక ఇద్దరం గోడ వెనక్కి వెళ్ళి, టీ బంకు పక్కన నిద్రగన్నేరు చెట్టు కింద చతికిలబడ్డాం. మా అత్తగారు తనని తాను తిట్టుకుంటూ ఏడ్చింది. ఆవిడ ఏడుపు కూడా గట్టు మీంచి వేసిన కేకలాగే ఉంటుంది. గోడ అవతల ఖైదీలు కంచాలు కడుక్కుంటున్నట్టున్నారు, బోరింగు చప్పుడు వినపడుతోంది. ఉన్నట్టుండి అది ఆగింది. కాసేపటికి ఎవరో హ్యాండిలుని ఒకసారి గట్టిగా కిందికి కొట్టి ఆపారు. మళ్ళీ కొట్టి ఆపారు. మా అత్తగారు ముక్కు చీదుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "వాడేనే. మన దొడ్లో బోరింగు కూడా అట్టాగే కొడతాడు, ఆపి ఆపి" అంది.

అప్పటి నుంచి రోజూ ఆ వేళకి చెట్టు కింద కూర్చునేవాళ్ళం. ఆవిడ నాతో మాట్లాడుతున్నట్టే ఊసులన్నీ చెప్పేది. కోతలు మొదలయ్యాయి, కాయ బాగుంది, కళ్ళంలో ఆరబోశాం, గేదె చూలు కట్టింది. వార్డరు ఒకసారి బయటికొచ్చి మెల్లగా మాట్లాడుకోమంటే, మా ఊళ్ళో గొంతులే అంతండీ అంది, అది అబద్ధం కాదు. గుంటూరులో ఉన్న మనిషి పేరెత్తడం మంచిది కాదని ఆ మనిషిని మాత్రం ఎర్రెద్దుని చేసింది. "ఎర్రెద్దు కన్ను తెరవలేదే అమ్మాయ్", "ఎర్రెద్దు కాలు కదిలించిందంట" అనేది. మా కొట్టంలో ఎర్రెద్దే లేదు గనక ఆయనకి ఇట్టే తెలిసేది. అవతల నుంచి బోరింగు పలికేది. మిగతా లోకానికి అది కంచాలు కడిగే చప్పుడు. మాకు అది "ఓయ్".

ఒక రోజు బోరింగు పలకలేదు. మా అత్తగారు ఎర్రెద్దు సంగతి, పత్తి సంగతి, చివరికి చుట్టాల మీద పితూరీలు కూడా చెప్పింది. బదులు లేదు. మర్నాడు మేము బస్సు దిగేసరికి ప్లీడరు గారి గుమాస్తా ఎదురొచ్చాడు. గుంటూరు నుంచి అప్పుడే వచ్చి జైలు గేటు దగ్గర కనుక్కున్నానన్నాడు, కబురు మాత్రం లోపలికి పంపనివ్వలేదట. కొత్తగా లోపలికొచ్చిన ఖైదీ ఎవడో, ఆసుపత్రిలో మనిషి పోయాడని మా ఆయనతో చెప్పాడట. పోయింది పక్క మంచం మనిషి. మన కేసులో మనిషి కళ్ళు తెరిచాడు, గంజి తాగాడు, తను కళ్ళారా చూసి వచ్చాడు. "మీవాడు మాత్రం నిన్నటి నుంచీ కూడు ముట్టలేదంటమ్మా. గోడ వైపు తిరిగి పడుకున్నాడంట. ప్లీడరు గారు ఎల్లుండి గానీ లోపలికెళ్ళరు" అన్నాడు.

సంతోషించాల్సిన మాటే అది. కానీ ఎల్లుండి దాకా ఆయన ఆగాలి కదా. ఆయన బాధ పైకి చెప్పుకునే మనిషి కాదు. పత్తి చేల ఊళ్ళలో 'ఏదన్నా చేసుకోవడం' అంటే ఏమిటో ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఏడు మా వీధిలోనే ఒక ఇంటి ముందు పాడె లేచింది. జైల్లో పురుగుమందు ఉండదు, నిజమే, కట్టుకున్న పంచె ఉంటుంది. ఇద్దరం గోడ వెనక్కి పరిగెత్తాం. మా అత్తగారు ఊపిరి తీసుకుని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. రోజుల తరబడి అరిచిన అరుపులూ, కళ్ళంలో కాయ తిరగేసిన ఘాటూ కలిసి ఆవిడ గొంతుని మింగేశాయి. మళ్ళీ ప్రయత్నించింది. మెడ నరాలు పొంగాయి గానీ మాట లేదు. నా వైపు తిరిగింది. అంత భయం ఆవిడ కళ్ళల్లో నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. గుసగుసగా, "నువ్వు పిలవ్వే తల్లీ" అంది.

"ఏవండీ" అని అరిచాను. అది అరుపే అనుకున్నాను. టీ బంకు దగ్గర నిలబడ్డ నలుగురు మగాళ్ళు వెనక్కి తిరిగి, "మమ్మల్నేనా అమ్మా?" అన్నట్టు చూశారు. లోకంలో ఎవరిని పిలిచినా అదే పిలుపు, గోడ అవతల పడుకున్న మనిషి అది తన కోసమని ఎలా అనుకుంటాడు? మా పుట్టింట్లో గానీ, ఆ ఊళ్ళో గానీ భార్య భర్త పేరు పలకడమన్నది లేదు. జనాభా లెక్కలవాళ్ళు అడిగినా పక్కింటావిడ చెప్పాల్సిందే. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ నోటికి ఇరువైపులా పెట్టి, ఆయన పేరు పెట్టి పిలిచాను. కడుపులోంచి వచ్చింది ఆ కేక. చెట్టు మీద కాకులు లేచిపోయాయి. ఎద్దూ లేదు, గొడ్డూ లేదు, అన్నీ మర్చిపోయి, "బతికే ఉన్నాడు! గంజి తాగాడు! పోయింది వేరే మనిషి! పలకండి!" అని అరిచాను. పలికేదాకా అరుస్తూనే ఉన్నాను.

తాలూకా ఆఫీసు కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. మా అత్తగారు నేల మీద కూలబడిపోయింది. అప్పుడు బోరింగు హ్యాండిలు పైకి లేచిన కిర్రుమనే చప్పుడు, ఆ వెంటనే కిందికి కొట్టిన చప్పుడు. ఆపి, మళ్ళీ. ఆపి, మళ్ళీ. నేను ఏడుస్తూ తలెత్తితే, ఎదురుగా హెడ్ వార్డరు నిలబడి ఉన్నాడు. ఇంక నన్నూ లోపల వేస్తాడనుకున్నాను.

ఆయన మా అత్తగారి వంక చూసి, "అయితే ఎద్దు కోలుకుందన్నమాట" అన్నాడు. గేటు వైపు నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "రేపట్నుంచి క్యారేజీ తెచ్చుకోండి. కారం మాత్రం ఇంటి దగ్గరే కూరలో కలుపుకురండి."

ఆ మనిషి కోలుకున్నాడు. మిరప అమ్మకానికి వెళ్ళే రోజుల్లో మా ఆయన బెయిలు మీద ఇంటికొచ్చారు, కేసు కొన్నేళ్ళకి రాజీ అయింది. మా అత్తగారి గొంతు మళ్ళీ పూర్తిగా రాలేదు. బొంగురుగానే ఉండిపోయింది, దాంతో ఆవిడ తరఫున వీధిలో కేకలన్నీ నా వంతయ్యాయి. మా ఆయన ఆ మధ్యాహ్నం గురించి ఒక్క మాట అనలేదు. కానీ ముసలితనంలో కూడా, నేను "ఏవండీ" అని పిలిస్తే ఒక్కోసారి వినపడనట్టు పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. పేరు పెట్టి పిలుస్తానేమోనని చూసేవారు. వినపడిందని నాకు తెలుసు. నేను మళ్ళీ ఎప్పుడూ ఆ పేరు పలకలేదు, ఇక్కడా రాయను.

ఇప్పుడు ఆయనా లేరు, ఆవిడా లేదు, ఆ జైలు గోడ కూడా రోడ్డు వెడల్పులో పోయిందని విన్నాను. కాలం ఒక్కొక్కటీ వచ్చి పట్టుకుపోయింది గానీ, ఆ మధ్యాహ్నం నాకిచ్చిన గొంతుని మాత్రం ఇంకా వెనక్కి అడగలేదు.