గట్టిమేళానికి పియానో

ఈ రోజు గుంటూరులో మా అక్క కూతురి పెళ్లి. సన్నాయి మేళం వద్దు, క్లాస్‌గా ఉండాలని మా బావగారు నేను దాచుకున్న ఓ విద్వాంసుడి పియానో రికార్డింగులు అడిగి మరీ పెట్టించారు. నలుగురూ వింటారన్న ఆశతో ఇచ్చాను. ఆ విద్వాంసుడు ఒక్కసారిగా విజృంభించేసరికి, గట్టిమేళం అనుకుని అందరూ అక్షింతలు వేసేశారు. పెళ్లికొడుకు ఇంకా తాళి అందుకోలేదు.

"ఆగండయ్యా, ముహూర్తం కాలేదు!" అని పంతులుగారు అరిచారు.

"మరి ఆ వాయించేవాడికేం తొందరొచ్చిందీ?" అంది మా పిన్ని.

తీరా తాళి కట్టేటప్పుడు పియానో గుసగుసలాడుతోంది. సగం మంది భోజనాలకు లేచిపోయారు. పెళ్లికూతురి తల మీద నాలుగు గింజలు కూడా పడలేదు. "ఇందాకటి అక్షింతలు ఇక్కడ కలిపెయ్యి" అని బావగారు వీడియో అతనికి చెప్పారు.

ఎడిటింగ్‌లో కలిపిన దీవెనలు ఫలిస్తాయంటారా?