పెద్దమ్మ ఎదురొచ్చిన ఇంటర్వ్యూ

మా ఇంట్లో ఇంటర్వ్యూకు నేనొక్కదాన్నే తయారయ్యేదాన్ని కాదు. నేను లోపల సర్టిఫికెట్లు సర్దుకుంటుంటే అమ్మ గేటు బయట నిలబడి వీధికి అటూ ఇటూ చూసేది. ముత్తయిదువ ఎవరైనా వస్తుంటే "ఇగ నడువు" అనేది. పిల్లి అడ్డమొచ్చిందా, మళ్లీ లోపలికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించేది. అలా హైదరాబాద్ బస్సులు కొన్ని తప్పిపోయాయి. పాపం, సూర్యాపేట పిల్లులకు నా ఉద్యోగం మీద అంత పట్టింపు ఉందని నేననుకోను.

నేను ఇంజనీరింగ్ పాసయ్యేసరికి మాంద్యం వచ్చింది. కోదాడ దగ్గరున్న మా కాలేజీ వైపు ఒక్క కంపెనీ కూడా తొంగిచూడలేదు. మేమే వెతుక్కుంటూ హైదరాబాద్ పోవాలి.

మా పెద్దనాన్న పోయాక పెద్దమ్మ మా ఇంటి వెనక వాటాలో ఒంటరిగా ఉండేది. చిన్నప్పుడు నేను అమ్మ దగ్గరకన్నా ఆమె దగ్గరే ఎక్కువ పెరిగాను. ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకు బయల్దేరిన రోజు, పాల ప్యాకెట్ పట్టుకుని వస్తూ వీధి మలుపులో ఆమె నాకు ఎదురుపడింది. "మంచిగ చెయ్యి బిడ్డా" అని నవ్వింది కూడా. గేటు దగ్గర అమ్మ ముఖం మాడిపోయింది.

ఆ రోజు చివరి రౌండులో, గొలుసులా ఒకదానికొకటి ముడిపడి ఉన్న అంకెల వరసను తిరగేసే ప్రోగ్రాం రాయమన్నారు. నేను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా గబగబా రాసేశాను. తర్వాతి అంకె ఎక్కడుందో దాచుకోకుండానే ముడి తెంపడంతో మిగతా గొలుసంతా గాలికి పోయింది. నన్నూ ఇంటికి పంపేశారు. తప్పు నూటికి నూరుపాళ్లు నాదే.

అప్పటినుంచి నా ఇంటర్వ్యూ ఉందంటే చాలు, పెద్దమ్మ బయట కనబడేది కాదు. ఒకసారి పట్టుకుని నిలదీశాను.

"నేను ఎదురొచ్చిన గద బిడ్డా. గందుకే కాలే."

"నాకు జవాబు రాలే పెద్దమ్మా. నువ్వు రాకున్నా ఫెయిలైతుంటి."

"నీది మంచి మనసు. గట్లనే అంటవ్."

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆమె అంత నిమ్మళంగా ఆ నింద నెత్తిన పెట్టుకున్నందుకు. నేను ఇంకో రెండు చోట్ల తప్పాను. ఆమె కనబడకపోయినా తప్పాను కదా అంటే, పాత దోషం ఇంకా వదల్లేదంది. ఇక ఆమెతో వాదించి గెలిచేదెవరు?

అప్పుడే మరో పెద్ద కంపెనీ నుంచి కబురొచ్చింది. మొదటి రౌండు ఫోన్‌లోనే. గడప దాటే పని లేదని అమ్మ ప్రాణం కుదుటపడింది. కానీ ఎదురింటి కారం గిర్ని మోతకు మా ముందుగదిలో మనిషి మాట మనిషికి వినబడదు. పెద్దమ్మ వాటాలో బియ్యం బస్తాల గది ఒక్కటే నిశ్శబ్దంగా ఉండేది. తలుపు తీసే ఉంది, ఆమె కనబడలేదు. మార్కెట్‌కు పోయిందనుకుని నేను ఆ గదిలో దూరి గడియ పెట్టుకున్నాను. అంతలోనే ఫోన్ మోగింది.

నా పేరు చెప్పుకుంటుండగా బస్తాల వెనక ఎవరో దగ్గారు. తొంగిచూస్తే పెద్దమ్మ. మిర్యాలగూడలోని ఆమె పుట్టింటి నుంచి వచ్చిన బియ్యం బస్తాల చాటున, కొంగు నోట్లో కుక్కుకుని ముడుచుకుని కూర్చుంది. ఇంటర్వ్యూ అని మాత్రమే విన్నదట, అది ఫోన్‌లో అవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు ఎదురుపడొద్దని పొద్దుటినుంచి అక్కడ దాక్కుంది. నేను సరిగ్గా అక్కడికే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

ఆమె లేచి పారిపోబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నవ్వు ఆపుకోలేక నేను మూగబోతే, అవతలాయన లైను తెగిందేమోనని "హలో, హలో" అంటున్నాడు. ఆ నవ్వుతో నా బెదురు సగం పోయింది. ఒక ఇంగ్లీషు వాక్యంలో ఒక్కసారే వచ్చిన మొదటి అక్షరాన్ని ఎలా కనుక్కుంటావని అడిగాడు. ఈసారి తొందరపడలేదు. చిన్నక్షరాలూ పెద్దక్షరాలూ వేర్వేరుగా లెక్కించాలా అని అడిగాను. ఆ ప్రశ్న కోసమే చూస్తున్నానన్నాడాయన. ఆ తర్వాత దారి దానంతటదే దొరికింది.

మిగతా రౌండ్లకు హైదరాబాద్ రమ్మన్నారు. పెద్దమ్మ ఎదురుగా ఉండగానే ఆ రౌండు గట్టెక్కానని అమ్మకు చెప్పాను. బయల్దేరే పొద్దున అమ్మ గేటు దగ్గర నిలబడలేదు. నేరుగా వెనక వాటాకు పోయి, "అక్కా, జర నువ్వే ఎదురు రా" అంది. అమ్మ నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. పెద్దమ్మ వద్దంటే వద్దంది. అమ్మ ఆమెను బతిమాలి వీధిలోకి తెచ్చింది. పెద్దమ్మ తల దించుకుని, నాలుగడుగులు నా వైపు నడిచింది.

బస్సులో కూర్చున్నాక నాకు భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ నేను తప్పితే నా ఉద్యోగమే పోయేది. ఇప్పుడు తప్పితే పెద్దమ్మ జన్మలో గది బయటికి రాదు. ఆ రోజు ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. విసుక్కుంటే విసుక్కున్నారు.

వారం గడిచాక ఫోనొచ్చింది. ఉద్యోగం ఇచ్చామన్నారు. నేను ఎగిరి గంతేస్తాననుకున్నాను గానీ, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. హమ్మయ్య అన్నది ఆ రోజు నాకు మాట కాదు, ఊపిరి. అమ్మ ఏడ్చింది. పెద్దమ్మ మాత్రం నా పక్కన వచ్చి కూర్చుని అడిగింది.

"అయితే గప్పుడు నిజంగనే నీకు జవాబు రాలేదా?"

"రాలే పెద్దమ్మా."

"ఇగ నా మొఖంల ఏం లేదన్నట్టేనా?"

"ఏం లేదు."

మర్నాడు పొద్దున బస్సుల వేళకు పెద్దమ్మ గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పనులకు పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. ఒక్కరి ముందూ తల దించుకోలేదు.