ప్రెసిడెంటు గారి పెరుగన్నం

మర్యాద అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కోనసీమలో పుట్టినదాన్ని ఈ మాట అనకూడదని తెలుసు. అయినా అంటాను. మా వాళ్ళ మర్యాద మా చెల్లెల్ని ఏం చేసిందో కళ్ళారా చూసినదాన్ని.

డిగ్రీ అయ్యాక అయిదారేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేశాను. అక్కడి సిటీ బస్సు స్టాపులో ఆగేది కాదు. మనం స్టాపులో నిలబడితే అది ముందుకెళ్ళి ఎక్కడో ఆగేది. అదీ పూర్తిగా ఆగేది కాదు, ఆగినట్టు నటించేది. ఒక చేత్తో కుచ్చెళ్ళు, ఇంకో చేత్తో హ్యాండ్‌బ్యాగు పట్టుకుని పరిగెత్తాలి. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళు మోచేతులతో పొడిచేవాళ్ళు. కండక్టరు జల్దీ జల్దీ అని కసిరేవాడు. ఒకసారి ఎక్కుతుంటే చెప్పు జారి రోడ్డు మీద పడింది. ఆపమని అరిస్తే బస్సంతా నవ్వింది. ఆ రోజు ఒంటి చెప్పుతో ఆఫీసుకెళ్ళాను. ఆ ఊరిని, ఆ బస్సుల్ని తిట్టుకోని రోజు లేదు. కానీ ఒకటి చెప్పాలి, రోజూ వేళకి నా కుర్చీలో ఉండేదాన్ని.

తొంభైల మధ్యలో అమలాపురంలో ఉద్యోగం దొరికి, రాజోలు దగ్గర మా ఊరికి తిరిగొచ్చాను. మా ఊరి మీదుగా అమలాపురం, అక్కణ్ణించి ముక్తేశ్వరం రేవు దాకా వెళ్ళే ఒక ప్రైవేటు బస్సు ఉండేది. పొద్దున్నే అదే మాకు దిక్కు. మొదటిరోజు అలవాటు కొద్దీ కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పరుగుకి సిద్ధంగా నిలబడ్డాను. బస్సు సరిగ్గా నా ముందుకొచ్చి ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, కంగారేం లేదు, నిదానంగా ఎక్కమన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. ఆ మురిపెం నెల తిరక్కుండానే తీరిపోయింది.

మా కాలవ గట్టు మీద బస్సు నడపడమంటే బండి తోలడం కాదు, చుట్టరికాలు నడపడం. ముందు ఎవరైనా పెద్దాయన నడిరోడ్డున సైకిలు తొక్కుతూ వెళ్తుంటే హారన్ కొట్టరు. పెద్దవాళ్ళని వెనకనుంచి హారన్ కొట్టి తప్పుకోమనడం బాగోదట. ఆయన ఏ వంతెన దగ్గరో పక్కకి మళ్ళేదాకా బస్సు ఆయన వెనకాలే పెళ్ళి ఊరేగింపులా నడుస్తుంది. ఎదురుగా ఇంకో బస్సు వస్తే రెండూ పక్కపక్కన ఆగుతాయి. ఒక డ్రైవరు మావగారి మోకాలినొప్పి గురించి రెండో డ్రైవరు కిటికీలోంచే కనుక్కుంటాడు. గేటు గేటు దగ్గరా ఆగి, అమలాపురంలో చదివే పిల్లలకి పంపే క్యారియర్లు అందుకుంటారు. మా వైపు హారన్ అడ్డు తప్పుకోమనడానికి కాదు. వచ్చేమండి, నెమ్మదిగా బయల్దేరండి అని ఇంట్లోవాళ్ళకి చెప్పడానికి.

వీటన్నిటికీ తలమానికం ప్రెసిడెంటు గారు. మాకు రెండూళ్ళ అవతల ఉండేవారు. ఎప్పుడో ఒకసారి సర్పంచిగా చేశారు, తరవాత ఓడిపోయారు కూడా. అయినా అందరికీ ఆయనే ప్రెసిడెంటు గారు. కొబ్బరితోట తగాదా ఏదో కోర్టులో ఉండి తరచూ అమలాపురం వెళ్ళేవారు. బస్సు ఆయన గేటు ముందు ఆగి హారన్ కొట్టేది. డ్రైవరు వెనక సీటు ఆయనది, ఎంత రద్దీగా ఉన్నా అందులో ఎవరూ కూర్చోరు. వాళ్ళావిడ వరండాలోకి వచ్చి, పెరుగన్నంలోకి వచ్చేశారని చేత్తో సైగ చేసేది. కండక్టరు దిగి వెళ్ళి, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి మూతి తుడుచుకుంటూ వచ్చేవాడు. ఇంజను అలా గుర్రుమంటూనే ఉండేది. బస్సునిండా జనం, ఒక్కరూ కిక్కురుమనరు.

రోజూ ఆలస్యంగా వెళ్ళి మా ఆఫీసరుతో చివాట్లు తినలేక, ఒకనాడు డ్రైవరుని నిలదీశాను. ఆయన నొచ్చుకోలేదు.

"ఆయ్, మీరన్నది నిజవేనండి. కానీ ప్రెసిడెంటు గారిని వదిలేసెల్తే బాగోదు కదండీ" అన్నాడు.

ఈ బాగోదు అనే మాటకి మందు లేదు. తప్పు అంటే కాదని వాదించొచ్చు. నష్టం అంటే ఎంత నష్టమో అడగొచ్చు. బాగోదు అంటే ఏం చేస్తాం? నోరు మూసుకుని కూర్చుంటాం.

ఇలా ఉండగా మా చెల్లెలికి టీచరు ఉద్యోగం వచ్చింది. మా మరిది కువైట్‌లో ఉండేవాడు. చెల్లెలు చంటిపాపతో మా అమ్మ దగ్గరే ఉంది. ఏ ఊళ్ళో పోస్టింగో తేల్చడానికి కాకినాడ రమ్మన్నారు. వరసగా పేర్లు పిలుస్తారు, పిలిచినప్పుడు పలికినవాళ్ళు ఖాళీల్లో నచ్చిన స్కూలు కోరుకోవచ్చు. చెల్లెలిది మంచి ర్యాంకు, పేరు మొదట్లోనే వస్తుంది. మా పక్కూరి స్కూల్లోనే ఖాళీ ఉందని కనుక్కున్నాం. పాపని అమ్మ చూసుకుంటుంది, మధ్యాహ్నం చెల్లెలు ఇంటికొచ్చి పాలిచ్చి వెళ్ళొచ్చు. వేళకి కాకినాడ చేరితే చాలు, పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది. ముందురోజే వెళ్ళి అక్కడ ఉందామన్నాను. పాలు తాగే పిల్లని రాత్రంతా వదలలేనంది.

అటువైపు గోదావరి మీద వంతెన లేని రోజులవి. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే కోటిపల్లి. అక్కణ్ణించి రామచంద్రపురం మీదుగా కాకినాడ బస్సు. పంటు తప్పిందంటే, అది అవతలికెళ్ళి, మనుషుల్నీ బళ్ళనీ నింపుకుని తిరిగొచ్చేదాకా ఇసకలో పడిగాపులే.

అందుకే బస్సెక్కుతూనే డ్రైవరుకి చెప్పాను. ఇవాళ ఎవరికోసమూ ఆగొద్దు, చంటిపిల్ల తల్లి బతుకు దీనిమీద ఉందని చెప్పాను. ఆయ్ అన్నాడు. కండక్టరుకీ చెప్పాను. ఆయనా ఆయ్ అన్నాడు. నేను నమ్మాను. ఇక్కడి గాలి పీల్చి పెరిగినదాన్ని, నమ్మకూడదు. మా వాళ్ళు ఆయ్ అంటే సరే అని కాదు. మీరు చెప్పింది విన్నాం, మీరు బాధపడకండి అని. హైదరాబాదు నీళ్ళు తాగి సొంత భాషే మరిచిపోయాను.

ప్రెసిడెంటు గారి గేటు ముందు బస్సు ఆగింది. హారన్ మోగింది. వాళ్ళావిడ సైగ చేసింది. కండక్టరు మజ్జిగకి దిగాడు. నేను లేచి నిలబడి, బండి పోనివ్వమని గట్టిగా అన్నాను. బస్సంతా తల తిప్పి నా వంక చూసింది, నేనే ఏదో అనరాని మాట అన్నట్టు.

పక్కసీటులో ముసలావిడ, "తప్పమ్మా. అన్నం ముందు కూచున్న మనిషిని లేపకూడదు" అంది.

మా చెల్లెలు నా పమిట పట్టుకుని లాగింది. "ఊరుకో అక్కా, బాగోదు."

దాని ఉద్యోగం, దాని పిల్ల, అదే అంటోంది బాగోదని! ఇంకెవరితో చెప్పుకోను? ప్రెసిడెంటు గారు కండువాతో చెయ్యి తుడుచుకుంటూ, దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కారు. ఆలస్యమైందాండీ అని అందర్నీ అడిగారు. నేను నోరు తెరిచేలోగా బస్సంతా ఏకకంఠంతో, అబ్బే, ఎంతండీ అంది.

మేము ముక్తేశ్వరం చేరేసరికి పంటు గోదావరి మధ్యలో ఉంది. చెల్లెలు చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ అంచుదాకా పరిగెత్తింది. నాటుపడవ వాళ్ళని బతిమాలితే ఆ గాలికి రామన్నారు. ఇంటి దగ్గర పాప పాలు తాగే వేళ దాటిపోయి చెల్లెలి జాకెట్టు తడిసిపోయింది. పమిట నిండా కప్పుకుని, అవతలి ఒడ్డుకేసి చూస్తూ అలాగే నిలబడింది. కండక్టరు దగ్గరికొచ్చి, పంటు మళ్ళీ వస్తుంది లెండి అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తల వంచుకుని ప్రతి తిట్టుకీ ఆయ్ అన్నాడు.

గోదావరికి ఇటు ఒక రాజ్యం, అటు ఇంకో రాజ్యం. ఎట్టకేలకి కోటిపల్లిలో దిగి మేము గట్టెక్కుతుంటే, కాకినాడ బస్సు డ్రైవరు మమ్మల్ని అద్దంలో చూస్తూనే బండి కదిలించాడు. ఆయన వేళ ఆయనది. ఆయన్ని తిట్టడానికి కూడా నాకు మనసొప్పలేదు.

కాకినాడ వాళ్ళనీ అనడానికి లేదు. పేరు పిలిచారు, ఎవరూ పలకలేదు, తరవాతి పేరు పిలిచారు. మేం వెళ్ళేసరికి మిగిలినవి మన్యంలోని ఊళ్ళే. చెల్లెలు వాటిలో ఒకటి చూపించి సంతకం పెట్టింది. వద్దంటే ఉద్యోగమే పోతుంది. ఆ కొండల్లో మలేరియా, చంటిపిల్లని తీసుకెళ్ళొద్దని డాక్టరు చెప్పారు. అది వెళ్ళేరోజు పాప నా చంకలో నిద్రపోతోంది. లేపొద్దు అక్కా, ఏడుస్తుంది అంది. అంతే, వెళ్ళిపోయింది.

తరవాత కొన్నాళ్ళకి ప్రెసిడెంటు గారు చక్కెరకేళి అరటిపళ్ళ అత్తం ఒకటి పట్టుకుని మా ఇంటికొచ్చారు. అరుగు చివర కూర్చున్నారు, కుర్చీ వేసినా వద్దన్నారు. సంగతి ఎవరో చెప్పారట.

"నేనెప్పుడూ ఆపమన్లేదమ్మా. బస్సొచ్చి ఆగిపోయిందని నేనే కంగారుకంగారుగా మింగేసి పరిగెత్తుకొచ్చేవాణ్ణి. సగం రోజులు వెక్కిళ్ళే నాకు. ఎల్లిపొమ్మని చెబుదావంటే, డ్రైవరు చిన్నబుచ్చుకుంటాడేమో, బాగోదని."

నాకు నవ్వాలో ఆయన జుట్టు పీకాలో తెలియలేదు. ఆగడం డ్రైవరుకి ఇష్టం లేదు, ఆపించుకోవడం ఆయనకి ఇష్టం లేదు, ఎదురుచూడడం బస్సులో ఒక్కరికీ ఇష్టం లేదు. ఎవరికీ అక్కర్లేని మర్యాద రోజూ గేటు ముందు హారన్ కొడుతూ నిలబడేది. కడుపారా తిడదామంటే తిట్టడానికి ఒక్క చెడ్డవాడు దొరకలేదు నాకు. నాకు ఇప్పటికీ తీరని కోపం అదే. మొహమాటానికి పోతే కడుపైందని సామెత. మా ఇంట్లో మొహమాటానికి పోతే కడుపున పుట్టినదే దూరమైంది. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆయన వెళ్ళాక, పెద్దాయన్ని పట్టుకుని ఆ మాటలేమిటని అమ్మ నన్ను కేకలేసింది.

మర్నాటినుంచి ప్రెసిడెంటు గారు బస్సు రాకముందే రోడ్డు మీదకొచ్చి నిలబడేవారు. దాంతో డ్రైవరుకి తీరిక చిక్కి, ఆ తరవాతి ఊళ్ళో కొత్తగా కాపరం పెట్టిన ఒక మేష్టారి కోసం ఆగడం మొదలుపెట్టాడు. నేను ఆఫీసుకి చేరే వేళ మారలేదు.

చెల్లెలు దసరాకి వచ్చింది. మళ్ళీ వేసవి సెలవులకే రాగలిగింది. ఈలోగా పాపకి మాటలొచ్చాయి. ఇంటికి ఎవరొచ్చినా ఎలా పలకరించాలో మా అమ్మ చక్కగా నేర్పింది. ఇరుగుపొరుగు వాళ్ళు ఆ ముద్దుమాటలు వినడానికే వచ్చేవారు.

ఆ మధ్యాహ్నం చెల్లెలు సంచి గుమ్మంలో పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది. పాప మా అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడి, దాన్ని ఎగాదిగా చూసింది.

"ఎప్పుడొచ్చేరండీ?" అంది.

అరుగు మీదున్న వాళ్ళంతా మురిసిపోయి, ఎంత మర్యాదో అని నవ్వారు. మా చెల్లెలు చాపిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడేనండి" అంది.