ఖిలన్‌మర్గ్ అంచున ఒక ‘నక్కో’

శనివారం ఉదయం హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్ళి వారానికి సరిపడా కూరలూ, పూజకు చామంతులూ తెచ్చుకోవడం నాకూ, నా స్నేహితురాలు సుగుణకూ ఏళ్ళుగా ఉన్న అలవాటు. నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, కంచన్‌బాగ్‌లోని ఒక లోహ పరిశోధనశాలలో పనిచేసి, అక్కడే స్థిరపడినదాన్ని. సుగుణ జహనుమాలో పుట్టి పెరిగి, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా రిటైరయింది. కిందటి చలికాలంలో ఒక పూల వ్యాపారి తన పెట్టెలోని ఐసు పొడిని నేల మీద పారబోశాడు. సుగుణ చెప్పు విడిచి దాని మీద కాలు పెట్టి నిలబడింది. “అక్కా, అసలు మంచు మీద గిట్ల నడిస్తె ఎట్లుంటదో ఒక్కపారి సూడాలె” అంది. ఆ వారమే మా తమ్ముడు ఫోన్ చేసి, డెబ్బై దాటినవారి కోసం ఒక తీర్థయాత్ర ప్యాకేజీ ఉందనీ, అందులో వీల్‌చెయిర్ సదుపాయం కూడా ఉందనీ ఎంతో ప్రేమగా చెప్పాడు. నేను అంతే ప్రేమగా వద్దని చెప్పి, కాశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌కు రెండు టిక్కెట్లు కొన్నాను.

మూడు నెలలు మేమిద్దరం తెల్లవారుజామున ఫలక్‌నుమా ఎత్తు రోడ్డు ఎక్కి దిగాము. ఉన్ని దుస్తులు పత్తర్‌గట్టిలో బేరమాడి కొన్నాము. ఫిబ్రవరిలో ఒక మంగళవారం చీకటితోనే శంషాబాద్‌లో విమానం ఎక్కి, ఢిల్లీలో మారి, మధ్యాహ్నానికి శ్రీనగర్ చేరాము. అక్కడి నుంచి టాంగ్‌మర్గ్ వరకు టాక్సీకి మేము వెళ్ళినప్పుడు మూడు వేల లోపే అయింది. ఆపైన ఘాట్ రోడ్డుకు, చక్రాలకు గొలుసులు బిగించిన బండిలోకి మారాలి. దానికి వేరే చెల్లించాలి. సాయంత్రం నాలుగున్నరకు గుల్‌మర్గ్‌లో దిగి చుట్టూ మంచు చూసేసరికి సుగుణ మాట్లాడడం మానేసింది. ఆమె మాట్లాడకపోవడం నేను చూడడం అదే మొదటిసారి.

మా కోరిక చిన్నదేమీ కాదు. స్కీ చేయడం మాకు రాదు. అయితే మంచులో కూరుకుపోకుండా కాళ్ళకు కట్టుకునే వెడల్పాటి స్నో షూలతో, పర్యాటకులు తిరిగే చోటు దాటి, పైన ఉన్న ఖిలన్‌మర్గ్ మైదానం దాకా నడవాలనుకున్నాము. అలా దారి గుర్తులూ కాపలా కూడా లేని మంచు కొండల్లో సొంతంగా తిరగడాన్ని బ్యాక్‌కంట్రీ అంటారు. ఖిలన్‌మర్గ్‌లో నిలబడి ఫోటో దిగుతానని సుగుణ జహనుమాలో తన గల్లీ అంతటికీ చెప్పి వచ్చింది. అక్కడ కూర్చుని తినడానికి సకినాలు కూడా మూట కట్టింది. నేను ఎవరికీ చెప్పలేదు గాని, మా తమ్ముడికి ఆ ఫోటో పంపాలని మనసులో గట్టిగా ఉంది.

మా గైడ్ బషీర్‌కు నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు. మర్నాడు పొద్దున్నే బయలుదేరదామన్నాడు. ముందు స్కీ ప్యాట్రోల్ వారిని అడగాలని నేనన్నాను. వాలుల మీద మంచు ఎలా ఉందో రోజూ పరీక్షించి, ఎక్కడ చరియలు విరిగిపడే ప్రమాదముందో చెప్పేది వారే. బషీర్ నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. “నేనూ రోజూ అడుగుతాను మేడమ్. ముగ్గురం కలిసే వెళ్దాం” అన్నాడు. వాళ్ళతో మా మాటలన్నీ ఉర్దూలోనే సాగాయి. పాతబస్తీ పక్కన నలభై ఏళ్ళు బతికినందుకు నాకు మిగిలిన ఆస్తుల్లో ఆ భాష ఒకటి. ఇక్కడ వాటిని తెలుగులో రాస్తున్నాను.

కేబుల్ కారు స్టేషన్ పక్కన చిన్న గదిలో, బుఖారీ పొయ్యి ముందు తడి చేతి తొడుగులు ఆరబెట్టుకుంటూ మంజూర్ అనే ప్యాట్రోల్ ఉద్యోగి కనిపించాడు. నా వయసు అడుగుతాడని జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆయన అడగలేదు. మ్యాపు మీద వేలు పెట్టి, అడవి దాటాక దారి ఒక పెద్ద బోడి వాలు కింద నుంచి వెళ్తుందని చూపించాడు. పాత మంచు మీద చక్కెర పలుకుల్లాంటి పొడి పొర ఒకటి ఉందనీ, దాని మీద రెండు రోజుల కిందట కొత్త మంచు పడిందనీ చెప్పాడు.

“ఇప్పటికి ఆ పొర కొత్త మంచు బరువు మోస్తోంది. గాలి లేకపోతే రేపు పొద్దున వెళ్ళి, ఎండ ముదరకముందే తిరిగి రండి. శిఖరం మీద గాలి లేస్తే మాత్రం అక్కడి మంచంతా ఎగిరివచ్చి ఆ వాలు మీదే పడుతుంది. అప్పుడది బరువు మోయలేక విరిగిపడుతుంది.”

“గాలి లేచిందని మాకెలా తెలుస్తుంది?” అని అడిగాను.

“శిఖరం అంచున పొగలా కనిపిస్తుంది. ఎనిమిదింటికి వెళ్ళవచ్చో లేదో బయట బోర్డు మీద రాస్తాను. కాని నేను రాశాక కూడా గాలి లేవవచ్చు. అప్పుడు మీ కళ్ళే బోర్డు.”

తర్వాత ఆయన మా ముగ్గురినీ వరసగా చూసి, “మీలో వద్దు అనేది ఎవరు?” అన్నాడు.

సుగుణ నా వైపు చెయ్యి చూపి తన దక్కనీ ఉర్దూలో అందుకుంది. దాని సారం ఇది: “ఈమెను అడగకు భాయ్. ఈమెకు వద్దు అనుడు రాదు. వద్దన్న పని చేసుడే వచ్చు.”

మంజూర్ పెద్దగా నవ్వాడు. తమ దగ్గర ఒక పద్ధతి ఉందన్నాడు. గుంపులో ఒక్కరు వద్దంటే అందరికీ వద్దే. వెనక్కి తిరగాల్సిందే. కారణం అక్కడ అడగకూడదు. కింద భోజనం దగ్గర అడగవచ్చు. చలిలో నిలబడి వాదించుకుంటే గట్టి గొంతున్నవాళ్ళే గెలుస్తారట. “హైదరాబాద్‌లో వద్దు అనడానికి ఏమంటారు?” అని అడిగాడు. “నక్కో” అంది సుగుణ. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. “సరే, రేపటికి మీ మాట అదే. నక్కో అంటే నక్కో.” ఆ రాత్రికే గాలి లేచినా దిగులు పడవద్దనీ, అడవి లోపలి నుంచి బాబా రేషీ దర్గాకు దిగే దారి ఉందనీ, దాని మీద పెద్ద వాలులేవీ లేవనీ చెప్పి పంపాడు.

మర్నాడు ఎనిమిదింటికి బోర్డు మీద వెళ్ళవచ్చనే ఉంది. స్నో షూలూ, కర్రలూ, మంచు కింద చిక్కుకుంటే ఆచూకీ తెలిపే చిన్న ట్రాన్స్‌మిటర్లూ కలిపి మనిషికి సుమారు వెయ్యి రూపాయల అద్దె అయింది. ట్రాన్స్‌మిటర్‌ను ఒంటికి కట్టుకోవాలని బషీర్ చెప్తే, “పుస్తెల తాడు లెక్క లోపలేసుకోవాల్నా, అందరికి కనవడాల్నా?” అని సుగుణ నన్నడిగింది. ఆకాశం నీలంగా ఉంది. దేవదారు చెట్ల మధ్య మా అడుగుల చప్పుడు తప్ప మరేమీ లేదు. ఫలక్‌నుమా రోడ్డు మా మోకాళ్ళకు బాగానే చదువు చెప్పింది. బషీర్ రెండుసార్లు ఆగమన్నాడు గాని, మేము ఆగమనలేదు.

గంటన్నర తర్వాత చెట్లు పలచబడ్డాయి. ఎదురుగా ఆ బోడి వాలు, దాని కింద సన్నగా మా దారి, ఆవల ఖిలన్‌మర్గ్ తెల్లటి అంచు. బషీర్ వంగి సుగుణ స్నో షూ పట్టీ బిగిస్తున్నాడు. నేను తలెత్తి శిఖరం వైపు చూశాను. అన్నం గిన్నె మూత సందులోంచి ఆవిరి వచ్చినట్టు, అంచున ఒకచోట తెల్లగా ఏదో కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది. మా చెట్ల దగ్గర మాత్రం ఆకు కూడా కదలడం లేదు.

అప్పుడే మా వెనక నుంచి స్కీలతో ఇద్దరు యువకులు వచ్చారు. ఒకడు నన్ను దాటుతూ, “ఆంటీ, థక్ గయే క్యా?” అని నవ్వాడు. ఇద్దరూ వాలు కింద దారిలోకి సాగిపోయారు. అలసిపోలేదని చెప్పడానికి నాకు ఒకే మార్గం కనిపించింది: వాళ్ళ వెనకే నడవడం. ఒంట్లో బలం ఉంది. మైదానం అరగంట దూరం. ఇప్పుడు తిరిగితే, ముసలామె ఆయాసపడి ఆగిపోయిందనే కథ ఒకటి నాకంటే ముందు కిందికి చేరుతుంది.

“నక్కో” అన్నాను.

సుగుణ నవ్వింది. “ఏందక్కా, గిప్పుడా పరాచికాలు?”

“పరాచికం కాదు. నక్కో.”

బషీర్ లేచి, నేను చూస్తున్న వైపు చూశాడు. ఆ పొగ చిన్నదే. అయినా తన కర్రను కిందికి తిప్పాడు. సుగుణ మాత్రం కదల్లేదు. ఎదుట మైదానాన్ని చూసింది, దూరమవుతున్న ఆ ఇద్దరినీ చూసింది. “గల్లీల నా మొకం ఎట్ల సూపియ్యాలె” అని గొణిగి, కారణం అడగకుండా తిరిగింది. అడవిలో గంటసేపు ఆమె మా ముందు నడిచింది. నా కోసం ఒక్కసారీ వెనక్కి చూడలేదు.

బాబా రేషీ దారి మంజూర్ చెప్పినట్టే సాఫీగా ఉంది. దర్గా దగ్గర తల మీద కొంగు కప్పుకుని దండం పెట్టుకున్నాము. పక్కనున్న చిన్న హోటల్లో రాజ్మా, అన్నం, ఉప్పు చాయ్ ముగ్గురికీ కలిపి అయిదు వందల లోపు. అన్నం పళ్ళెం రాగానే సుగుణ చెంచా కింద పెట్టింది.

“బువ్వ కాడికొచ్చినం. ఇగ చెప్పు. భయమైందా?”

“అయింది. ల్యాబులో లోహపు ముక్కల్ని లాగి పరీక్షించేవాళ్ళం. మెత్తటి లోహం ముందు సాగుతుంది, చెప్పి మరీ తెగుతుంది. పెళుసుది చెప్పదు. చివరి క్షణం దాకా బాగానే ఉంటుంది. ఆ వాలు నాకు బాగానే ఉన్నట్టు కనిపించింది సుగుణా.”

సుగుణ రాజ్మాను అన్నంలో కలుపుకుంది. “వార్డుల గిట్లనే ఉంటుండె. బాగనే ఉన్న అని నవ్వేటోళ్ళ మీదనే మాకు నదర్ ఎక్కువుంటుండె” అంది. తర్వాత సకినాల మూట విప్పి బల్ల మధ్యన పెట్టింది. “బషీర్ భాయ్, లేలో. ఖిలన్‌మర్గ్‌ల తినేటియి ఈడ్నే తినుడాయె.”

సాయంత్రం ప్యాట్రోల్ గదికి వెళ్ళాము. ఆ పొగ ఎన్నింటికి కనిపించింది, ఏ వైపు వంగింది, ఎంతసేపు ఉంది అని మంజూర్ వివరంగా అడిగి, కొండ పైనున్న తమవారికి ఫోన్‌లో చెప్పి, బోర్డు మీద గాలి గురించి ఒక వాక్యం కలిపాడు. వాలు మీద ఏమీ విరిగిపడలేదు. ఆ ఇద్దరు యువకులూ మధ్యాహ్నమే దిగివచ్చారని ఆయనే చెప్పాడు. బయట చాయ్ బండి దగ్గర వాళ్ళు కనిపించి నాకు చెయ్యి కూడా ఊపారు.

“అయితే నేను అనవసరంగా తిరిగానా?” అని అడిగాను.

“తెలియదు మేడమ్. ఇరవై ఏళ్ళుగా నేను వద్దన్న వాలుల్లో ఎన్ని విరిగిపడేవో నాకూ తెలియదు. మీరు ముగ్గురూ వచ్చి ఈ మాట అడుగుతున్నారు. నాకది చాలు.”

ఇంటికి వచ్చాక మా తమ్ముడికి బాబా రేషీ దారిలో దిగిన ఫోటో పంపాను. వెనక అంతా చెట్లే. సుగుణ తన గల్లీలో ఏం చెప్పుకుందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. చదువుకు, ఉద్యోగానికి, ఒంటరిగా ఇల్లు కట్టుకోవడానికి, చివరికి మంచుకు కూడా నాకు వద్దని చెప్పినవారికి జీవితంలో కొదవ లేదు. ఆ మాటను తోసుకుని నడవడమే నా స్వాతంత్ర్యమని చాలాకాలం అనుకున్నాను. ఆ చెట్ల అంచున మాత్రం నాకు అడ్డు చెప్పడానికి ఎవరూ లేరు. దారి తెరిచే ఉంది, కాళ్ళలో బలముంది, వద్దన్నది నేనే. ఖిలన్‌మర్గ్ నేను చూడలేదు. ఆ బాధ ఉంది. కాని అక్కడ నిలబడి ఉంటే ఎంత గర్వపడేదాన్నో, తిరిగివచ్చినందుకూ అంతే గర్వపడుతున్నాను.

వెళ్ళాలనుకునేవారికి ఒకే సూచన. నడకకు ముందురోజు సాయంత్రమే ప్యాట్రోల్ గదికి వెళ్ళండి, గైడ్‌ను ఒక్కడినే పంపకుండా అందరూ కలిసి వెళ్ళండి. వెళ్ళవచ్చా అని అడిగి ఊరుకోకండి. ఏమి కనిపిస్తే వెనక్కి రావాలో అడగండి. మీలో ఎవరైనా చెప్పగలిగే ఒక మాటను అక్కడే ఖాయం చేసుకుని రండి. మాది ఇంకా వాడుకలోనే ఉంది. మొన్న శనివారం గుడిమల్కాపూర్‌లో నేను చామంతుల బుట్ట మీద చెయ్యి వేయగానే సుగుణ “నక్కో” అంది. బుట్ట అక్కడే వదిలి నడిచాను. కారణం మధ్యాహ్నం భోజనం దగ్గర అడిగాను.