అరవై ఏడేళ్లకు లినక్స్ నేర్చుకున్న మా చిన్నాయన

నిన్న పొద్దున కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్స్ ఆన్ చేస్తుంటే తమ్ముడు శీన, అంటే మా చిన్నాయన కొడుకు, ఫోన్ చేశాడు.

"అక్కా, నాయన పోయినాడు" అన్నాడు.

ఎవరి నాయన అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. మొన్న ఆదివారం నాతో అరగంట మాట్లాడిన మనిషి గురించి చెబుతున్నాడని నా బుర్రకు ఎక్కలేదు.

వేరుశనగ చేను చూసొచ్చి, మంచం మీద కూర్చుని నీళ్లు అడిగాడట. చిన్నమ్మ చెంబు తెచ్చేసరికే అయిపోయింది. హార్ట్ ఎటాక్.

తిప్పేస్వామి చిన్నాయన. మా నాయనకు తమ్ముడు. కణేకల్ దగ్గర మా పల్లెలో చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు పట్టుకుని, వలయంగా తిరుగుతూ అడుగులు వేస్తూ పాడటం ఎన్ని ఊళ్ల వాళ్లకు నేర్పించాడో ఆయనకే లెక్క తెలియదు.

ఆయన గురించి మీలో చాలామందికి తెలుసు. ఈ ఒక్క సంగతి మాత్రం తెలియదు. అందుకే రాస్తున్నాను.

చిన్నాయన దగ్గర అరచేతిలో పట్టేంత మ్యూజిక్ ప్లేయర్ ఒకటి ఉండేది. బళ్లారిలో కొన్నాడు. తన గురువు ఓబుళయ్య తాత పాడిన పాటలన్నీ అందులో ఉండేవి. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవి. ఆ క్యాసెట్లు ఎప్పుడో బూజు పట్టి పోయాయి. ఎక్కడికి నేర్పడానికి వెళ్లినా ప్లేయర్‌ను స్పీకర్‌కు తగిలించి, ముందు గురువు గొంతు వినిపించి, తర్వాతే తను పాడేవాడు.

నాలుగేళ్ల కింద ఆయన కంప్యూటర్‌కు వైరస్ వచ్చి అందులోని పాటల కాపీలన్నీ పోయాయి. ఇక ప్లేయర్‌లో ఉన్నవే మిగిలాయి. మిషన్ పాతది. పారేసి కొత్తది కొనమని అందరూ చెప్పారు. నేను మాత్రం లినక్స్ వేస్తానన్నాను. ఫ్రీగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ అది, పాత మిషన్ మీద కూడా బాగా నడుస్తుంది.

"ఏమన్నా మార్చుకో పాపా. నా పాటల డబ్బాకు మాత్రం ఏం కాగూడదు" అన్నాడు.

లినక్స్ వేశాను. బాగా వచ్చింది. చిన్నాయన మెచ్చుకుంటుంటే హుషారెక్కి, ప్లేయర్‌ను కనెక్ట్ చేసి ఒక కొత్త పాట ఎక్కించబోయాను. ముందు బ్యాకప్ తీసుకోవాలని స్టూడెంట్స్‌కు రోజూ చెప్పేదాన్ని, నేనే మర్చిపోయాను.

ప్లేయర్ తీసి చూస్తే లిస్ట్ ఖాళీ. ఒక్క పాట లేదు.

ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. ప్లేయర్‌ను చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

"పాటలకేం కాదులే. నేను నేర్పినోళ్ల నోళ్లల్లో ఉండాయి" అన్నాడు. తర్వాత, "మా గురువు గొంతే... అది ఇంగ యాడా లేదు" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ల్యాబ్‌లో మా సీనియర్‌ను అడిగాను. పాటలు చెరిగిపోలేదు, వాటి లిస్ట్ మాత్రమే పోయిందన్నారు. వెంటనే సెలవు పెట్టి ఊరికి బస్సెక్కాను. ప్లేయర్ లోపల దాగిన ఫోల్డర్లు తెరిచి చూస్తే పాటలన్నీ ఉన్నాయి. ఈసారి ముందు రెండు పెన్ డ్రైవ్‌లలోకి కాపీ చేశాను.

కానీ ఒక్క పాటకూ పేరు లేదు. అర్థం లేని నాలుగేసి ఇంగ్లీషు అక్షరాలు, అంతే. ఏది ఏ పాటో నాకేం తెలుస్తుంది?

చిన్నాయనకు తెలుసు. ఒక్కో ఫైల్ ప్లే చేస్తుంటే చెక్కల దెబ్బలు రెండు వినగానే పేరు చెప్పేవాడు. ఏ అడుగు తర్వాత ఏ పాట రావాలో కూడా చెప్పేవాడు. నేను తెలుగులో టైప్ చేస్తూ పోయాను.

పదో పాట దగ్గర అనుకుంటా, "తప్పు రాస్తాండావు పాపా, జరుగు" అన్నాడు.

ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కీబోర్డ్ ముందు కూర్చుని, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. రెండు ఆదివారాలు పట్టింది. మిగతా పేర్లన్నీ ఆయనే కొట్టాడు. నా వాటిలో తప్పులు కూడా దిద్దాడు.

చివరికి లిస్ట్ మళ్లీ తయారుచేసి ప్లేయర్‌లోకి ఎక్కించాం. చిన్నాయన బటన్ నొక్కాడు. ఓబుళయ్య తాత గొంతు వచ్చింది.

ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పాట అయ్యేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "దా, అన్నం తిందాం" అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఆయన మా చిన్నాయన ఎందుకవుతాడు?

అప్‌డేట్‌లు తనే చేసుకునేవాడు. పెన్ డ్రైవ్‌తో లినక్స్ ఎలా వేయాలో నా చేత రెండుసార్లు చేయించుకుని చూశాడు. మూడోసారి నన్ను కుర్చీలోంచి లేపేశాడు. ఊళ్లో స్కూల్లో గుడ్డ కప్పి మూలన పెట్టిన రెండు కంప్యూటర్లకు తనే లినక్స్ వేశాడు. ఎవరు నేర్పించారని అడిగితే "మా అన్న కూతురు" అనేవాడు. నేర్పింది కొంచెం, నేర్చుకున్నది చాలా. ఆ సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు.

నిన్న సాయంత్రం అంతిమయాత్రలో ఆయన నేర్పిన మూడు ఊళ్ల జట్లు పాడుకుంటూ ముందు నడిచాయి. ఎవరూ పిలవలేదు. వాళ్లే వచ్చారు.

అక్కడే స్కూల్ హెడ్‌మిస్ట్రెస్ నా దగ్గరికి వచ్చారు. రెండేళ్లుగా ప్రతి శనివారం చిన్నాయన వచ్చి, నాలుగో తరగతి పిల్లలకు కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ నేర్పిస్తున్నాడని చెప్పారు. మొదట వాళ్ల పేరు, తర్వాత వాళ్ల అవ్వాతాతల పేర్లు కొట్టించేవాడట.

ఒక్క మాట నాతో అనలేదు. అంతసేపు ఫోన్‌లో మాట్లాడేవాడు, ఈ సంగతి మాత్రం చెప్పలేదు.

ఏడుపొచ్చింది. దానికంటే ఎక్కువ గర్వమొచ్చింది. ఈయన మా చిన్నాయన అని అక్కడున్న అందరికీ గట్టిగా చెప్పాలనిపించింది. అక్కడ చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను.

పోయిరా చిన్నాయనా. ఎండలో నడిచింది చాలు. ఎక్కడున్నా నిమ్మళంగా ఉండు.