చిప్పుకు ఆనించిన వేళ్లు

జ్వరం చూసినట్టు వేళ్ల వెనకవైపు బోర్డు మీది చిప్పుకు ఆనించి చూడటం అతని అలవాటు. "ఏడి తగిల్తేనే పేణమున్నట్టు బావా," అనేవాడు. టెక్కలిలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టులో నా జతగాడు. ఆ అలవాటు నాకూ అంటుకుంది.

మాది జీడిపప్పులో నిండు గుండునూ విడిపోయిన బద్దనూ కెమెరాతో చూసి వేరుచేసే యంత్రం. బోర్డు మీది చిప్పులో సర్క్యూట్ అమర్చడం నా పని. కంప్యూటర్లో రాసిన ప్రోగ్రాంను ఆ చిప్పుకు అర్థమయ్యేలా క్రాస్ కంపైల్ చేసి, బోర్డులోకి ఎక్కించడం అతని పని. రెండు నెలలు రోజూ అడిగాను. "అయిపోనాది బావా, బోర్డులోనే నడుత్తంది," అనేవాడు. నేను ఒక్కసారైనా తెరిచి చూడలేదు. జతగాణ్ణి తనిఖీ చేస్తామా?

పలాస జీడి ఫ్యాక్టరీలో చూపించిన రోజు యంత్రం ఒక్క బద్దనూ వదల్లేదు. అక్కడ పప్పు ఏరే మా మేనత్త, "మా అల్లుడే సేసినాడు," అని పక్కవాళ్లకు చెప్పుకుంది.

అందరూ వెళ్లి మేమిద్దరమే మిగిలాక, బోర్డు చుట్టూ అతను బిగించిన రేకు పెట్టె మూత తీసి, మురిపెంగా చిప్పుకు వేళ్లు ఆనించాను. చల్లగా ఉంది. బోర్డుకు కరెంటే ఇవ్వలేదు. కెమెరా వైరు బల్ల కింది కంప్యూటర్లోకి పోయింది. ప్రోగ్రాం నడిచింది అందులోనే.

"కంపైల్ అవ్వలేదు బావా. అందరికీ నచ్చినాది కదా, నీకేటి?" అన్నాడు.

రెండు నెలలు అతను వేళ్లు ఆనించి నాకు చూపించిన వేడి నా సర్క్యూట్‌దే. అందులో అతనిది ఏమీ లేదు.