వచ్చే ఏటి సెట్టర్

మా వాలీబాల్ టీములో పేర్లు వాడేవాళ్ళం కాదు. చొక్కా వెనకున్న నంబరే పిలుపు. "నాలుగూ, బ్లాకుకి లే!", "పదకొండూ, నిద్రపోతున్నావా?" అని మా కోచ్ మేడమ్ గ్రౌండంతా వినబడేట్టు అరిచేవారు. నేను ఆరు. రెండేళ్ళు ఆరుగా ఉన్నానంటే రెండేళ్ళు బెంచీ మీద ఉన్నానని అర్థం.

కాలేజీ నోయిడాలో. మా ఇల్లు ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో, నాన్నది సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం. పొద్దున్నే మెట్రో ఎక్కి బొటానికల్ గార్డెన్‌లో దిగి, అక్కణ్ణించి ఈ-రిక్షాలో వెళ్ళి, ప్రాక్టీసు చేసి, మ్యాచ్ రోజున కూర్చుని వచ్చేదాన్ని. "రెండేళ్ళ నుంచీ వెళ్తున్నావు, ఒక్కసారైనా ఆడనిచ్చారుటే నిన్ను?" అని అమ్మ అడిగేది. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగేది. అందుకే మరీ కోపం వచ్చేది.

రెండో ఏడు పరీక్షలయ్యాక మేడమ్ నన్ను స్పోర్ట్స్ రూముకి పిలిచి, వచ్చే సీజన్‌కి టీము ఎలా ఉండబోతోందో ఒక కాగితం మీద రాయమన్నారు. నా దస్తూరి బాగుంటుంది. పైగా రెండేళ్ళు కూర్చుని చూసినదాన్ని, నాకు తెలిసినంత ఆడేవాళ్ళకే తెలీదు.

రాశాను. ఒకటో నంబరు మా కెప్టెను, సెట్టరు. చదువైపోయింది, వెళ్ళిపోతోంది. నాలుగు సివిల్స్ కోచింగ్ కోసం గది చూసుకుంది. ఆడతావా అంటే "చూద్దాం" అంటుంది, అంటే ఆడదు. తొమ్మిదికి మోకాలు నొప్పి. డాక్టరు వద్దంటున్నాడు, తను ఆడతానంటోంది. ఇద్దర్లో మోకాలు ఎవరి మాట వింటుందో చెప్పలేం. పదకొండు అందరికంటే పొడుగు, అందరికంటే బద్ధకం. వచ్చే ఏడూ ఉంటుంది, అదే పొడుగుతో, అదే బద్ధకంతో. లిబరో, అంటే వెనక నిలబడి బంతులు ఆపే పిల్ల, ఉంటుంది. బయటి నుంచి ఇద్దరు కొత్తవాళ్ళు కావాలి.

చివరికి సెట్టర్ వరస మిగిలింది. అందులో నా నంబరే పెన్సిల్‌తో రాసుకున్నాను, కాస్త అందంగానే రాసుకున్నాను.

మేడమ్ చూసి, కళ్ళజోడు పైకి తోసుకుని, "అది చెరిపేసి ఖాళీగా వదిలెయ్. స్పోర్ట్స్ కోటాలో సీటు ఒకటి ఉంది, ట్రయల్స్‌లో చూద్దాం. ఎవరూ దొరక్కపోతే నువ్వు" అన్నారు. ఆవిడది హరియాణా హిందీ, మాట నేల మీద కొట్టినట్టుంటుంది.

ఒళ్ళు మండిపోయింది. ఎవరూ దొరక్కపోతే నేనా! ఇంకొక్క సీజనే ఉంది నాకు. నేను మార్కుల మీద చేరినదాన్ని, నా చదువుకేం ఢోకా లేదు. కానీ నెట్ దగ్గర ఆ చోటు కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాను, ఇంకెవరో వచ్చి అందులో నిలబడితే నేను మూడేళ్ళూ బెంచీ మీదే గడిపి ఇంటికి పోవాలి.

సెట్టర్ పని తెలియనివాళ్ళకి ఒక మాట. కొట్టి పాయింటు తెచ్చేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళు కొట్టడానికి వీలుగా నెట్ పక్కన బంతి పైకి లేపి ఇచ్చేది సెట్టర్. కొట్టినామెకి చప్పట్లు పడతాయి. తప్పిపోతే మాత్రం సెట్టర్ చెయ్యెత్తి "మేరా" అనాలి. నాదే తప్పు అని. బంతి బాగానే ఇచ్చినా సరే, అనాలి. మొదటి వారంలోనే నేను "నాదెలా అవుతుంది మేడమ్?" అని వాదించాను. "తర్వాతి బంతి కూడా ఆ పిల్లే కొట్టాలి. భయపడుతూ కొట్టాలా?" అన్నారు. నేర్చుకున్నాను. ప్రాక్టీసులో ఎన్ని వందలసార్లు అనుంటానో. ఒక్కసారీ మనసులో ఒప్పుకోలేదు.

జులైలో ట్రయల్స్ పెట్టారు. రాత్రంతా వాన కురిసి పొద్దున్నే ఎండ కాసింది, గ్రౌండంతా ఆవిరి. సెట్టర్‌కి ముగ్గురు వచ్చారు. ఇద్దరిని చూడగానే నా ప్రాణం కుదుటపడింది. మూడో అమ్మాయి వాళ్ళ నాన్నతో మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. "బిడ్డా, నీళ్ళు తాగు" అన్నాడాయన.

తెలుగువాళ్ళు. పలకరించాలి కదా? పలకరించలేదు. కాలేజీలో నాకు తెలుగొచ్చని పెద్దగా ఎవరికీ తెలీదు. నా హిందీ వింటే ఎవరికీ అనుమానం రాదు. ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి, పుస్తకంలోంచి చదివినట్టున్న హిందీలో, "దీదీ, మైఁ సెట్టర్ హూఁ" అంది. "ఠీక్ హై, అక్కడ నిలబడు" అన్నాను, హిందీలోనే.

సెట్టర్‌ని పరీక్షించాలంటే ఎవరో ఒకరు కొట్టాలి. ఆమె ఇచ్చిన బంతి మంచిదో కాదో తెలిసేది కొట్టే చేతివల్లే. పదకొండు సెలవులకి ఊరెళ్ళింది, తొమ్మిది మోకాలికి పట్టీ కట్టుకుని గొడుగు కింద కూర్చుంది. మేడమ్ చుట్టూ చూసి, "ఆరూ, నువ్వు కొట్టు" అన్నారు. మనిషికి పది బంతులు.

మొదటి ఇద్దరికీ నిజాయితీగానే కొట్టాను. అక్కడ నిజాయితీకి ఖర్చేం లేదు. మూడో అమ్మాయి మొదటి బంతి ఇచ్చింది. తిరగకుండా లేచి, నెట్ మీద నాకు సరిగ్గా అందేచోట ఆగినట్టు నిలబడింది. కొట్టాను. అవతల కోర్టు మూలలో పడ్డ చప్పుడుకి తొమ్మిది ఈల వేసింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. రెండేళ్ళలో నాకెవరూ అలాంటి బంతి ఇవ్వలేదు. ఆ సంతోషం ఒకపక్క, గుండెల్లో రాయి ఒకపక్క. నా పని అయిపోయిందని తెలిసిపోయింది.

నాలుగో బంతికి అర అడుగు ఆలస్యంగా కదిలాను. అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదు. చూసేవాళ్ళకి బంతే కిందికి ఇచ్చినట్టుంటుంది. నెట్‌లోకి కొట్టాను. ఆ అమ్మాయి చెయ్యెత్తి, "మేరా, దీదీ" అంది.

తర్వాతి బంతి నా ఆలస్యానికి సరిపోయేట్టు కొంచెం ఎత్తుగా ఇచ్చింది. అంత తొందరగా పట్టేసింది! అప్పుడు నేను ముందే ఎగిరాను. మళ్ళీ "మేరా". ఇంకో రకంగా సర్దుకుంది, నేను ఇంకో రకంగా చెడగొట్టాను. ఆ అమ్మాయి నా కోసం వెతుక్కుంటోంది, నేను తప్పించుకుంటున్నాను. ఏడు బంతులు. ఏడుసార్లూ చెయ్యెత్తింది. మేడమ్ కాగితం మీద ఏదో గీసుకుని, "బస్" అన్నారు.

నీళ్ళ కుళాయి మెట్ల వెనకే. మొహం కడుక్కుంటుంటే అటువైపు నుంచి మాటలు వినిపించాయి. తెలుగువాళ్ళు దిగే అశోకా రోడ్ వైపు ఏదో గెస్ట్ హౌసులో దిగినట్టున్నారు, పొద్దున అక్కడ కట్టించుకున్న ఇడ్లీ పొట్లం విప్పుకుంటున్నారు.

"ఏందే, ప్రతిసారి నీదే తప్పన్నట్టు చెయ్యి లేపినవ్?" అన్నాడు తండ్రి.

"గట్లనే అనాలె బాపూ. నువ్వే గదా నేర్పినవ్."

"నేర్పిన, కాదంటలేను. కని బంతులు మంచిగనే ఇచ్చినవ్. ఆ పిల్లనే లేటుగ ఎగిరింది. నాకు కనబడ్డది."

"పొద్దటిసంది అందరికి ఆ అక్కనే కొడ్తుంది బాపూ, అలిసినట్టుంది."

"ఇదే ఆఖరి కాలేజి బిడ్డా. రేపు రైలు." పొట్లం మళ్ళీ చుట్టేస్తున్న చప్పుడు. "మేడంకు పోయి చెప్దామంటె నాకు హిందీ రాకపాయె."

కుళాయి కట్టేసి అక్కడే నిలబడిపోయాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆయన చెప్పలేకపోయిన ఆ ఒక్క ముక్క హిందీలో చెప్పగలిగిన, చెప్పాల్సిన మనిషి ఆ గ్రౌండులో ఒక్కతే ఉంది. అది నేనే.

స్పోర్ట్స్ రూముకి వెళ్ళాను. వెంటనే చెప్పేద్దామనే వెళ్ళాను. తీరా చూస్తే బల్ల మీద నేను రాసిన కాగితమే ఉంది. సెట్టర్ అన్నచోట మేడమ్ పెన్నుతో 'ఆరు' అని రాసేసి ఉన్నారు. 

"ఆ మూడో పిల్ల చేతులు బాగున్నాయి. కానీ నిలకడ లేదు. పాపం, ప్రతిసారీ తనే తప్పొప్పుకుంది" అన్నారావిడ తల ఎత్తకుండానే. "సంతోషమేనా?"

ఊరుకుంటే అయిపోయేది. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. నేనా ఆరు వైపే చూస్తూ నిలబడ్డాను. మేడమ్ "ఏమైంది?" అన్నారు. ఆ తండ్రి మాటే హిందీలోకి మార్చి చెప్పాను. బంతులు మంచివే, కొట్టినదే లేటుగా ఎగిరింది, అదీ కావాలనే అని.

"కిత్నీ?" అన్నారు, ఎన్ని బంతులని.

"సాత్." ఏడూ.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. పెన్ను మూతపెట్టి, చెప్పులు విప్పి, చున్నీ నడుముకి బిగించి కట్టుకున్నారు. ఆవిడకి యాభై దాటాయి. "వెళ్ళి పిలుచుకురా. నేను కొడతాను" అన్నారు.

మెట్ల దగ్గర లేరు. గేటు దాకా పరిగెత్తాను. ఈ-రిక్షా ఎక్కుతున్నారు. "భయ్యా, రుకో!" అని అరిచి, ఆ తర్వాత తెలుగులో, "బాబాయిగారూ, ఆగండి!" అన్నాను.

ఇద్దరూ ఒక్కసారే తిరిగారు. "మీకు తెలుగొస్తదా అక్కా?" అంది ఆ అమ్మాయి. అంతలోనే ఆమె మొహం మారిపోయింది. మెట్ల మీద అనుకున్నవన్నీ నేను విన్నానని తెలిసి, తనే ఏదో తప్పు చేసినదానిలా తల దించుకుంది. అది చూడలేకపోయాను.

"తప్పు నాది" అన్నాను. "కావాలనే చెడగొట్టాను. మేడమ్‌కి చెప్పేశాను, రమ్మంటున్నారు."

ఆ మాట అన్ని వందలసార్లు అన్నానా, నిజమై బయటికొచ్చింది అదే మొదటిసారి. తండ్రి నా మొహం కూడా చూడలేదు. సంచి కిందికి దింపి కూతురితో "నడువు" అన్నాడు, అంతే.

మేడమ్ వట్టి కాళ్ళతో ఎగిరి పది బంతులూ కొట్టారు. ఆ వయసులో ఆవిడ ఎగిరేది ఎంతని! ఆ ఎంతకే సరిపోయేట్టు ఇచ్చింది ఆ పిల్ల. నన్ను పక్కన నిలబెట్టి బంతులు అందించమన్నారు, అందించాను. తొమ్మిదికి ఏమీ అర్థం కాక నా వైపూ ఆవిడ వైపూ చూస్తూ కూర్చుంది.

అన్నీ అయ్యాక తండ్రి నా దగ్గరకొచ్చాడు. తిట్టినా పడదామనే నిలబడ్డాను. "ఈడ హాస్టల్ల అన్నం పెడ్తరా, అన్నీ రొట్టెలేనా?" అన్నాడు.

"ఒకపూట అన్నం పెడతారండీ. ఆదివారాలు మా ఇంటికి తీసుకెళ్తాను" అన్నాను. తల ఊపాడు. 

మేడమ్ ఆ కాగితాన్ని మళ్ళీ రాయించలేదు. 'ఆరు' మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ఆ పిల్లకిచ్చిన నంబరు 'రెండు' అని రాసి, అలాగే నోటీసు బోర్డుకి గుచ్చారు. ఏడాదంతా ఆ కొట్టివేత అందరికీ కనబడుతూనే ఉంది. పదకొండు ఒకసారి "ఇదేంటి, నిన్ను కొట్టేశారు?" అని అడిగింది. ఆ రోజు జరిగిందంతా చెప్పాను. అది నన్ను ఎగాదిగా చూసి, "పాగల్ హై క్యా తూ?" అంది, పిచ్చా నీకు అని. చేసినందుకో చెప్పినందుకో నేను అడగలేదు.

రెండో నంబరు ఆదివారాలు మా ఇంటికొచ్చి అమ్మ చేతి పప్పూ చారూ తినేది. ఆ ఏడు బంతుల సంగతి మాత్రం ఒక్కరోజూ ఎత్తలేదు. నేను బెంచీ మీద కూర్చుని ఆమె ఆట చూసేదాన్ని. బాగా ఆడేది. ఏడుపొచ్చేంత బాగా ఆడేది, అప్పుడప్పుడూ వచ్చేది కూడా.

సీజన్ చివర్లో ఒక మ్యాచ్‌లో తొమ్మిదో నంబరు మోకాలు డాక్టరు మాటే విన్నది. కుంటుకుంటూ బయటికొచ్చింది. మేడమ్ బెంచీ వైపు చూసి, "ఆరూ, వెళ్ళు. కొట్టడానికి" అన్నారు. కోర్టులోకి పరిగెత్తాను.

మొదటి బంతి నాకే వచ్చింది. ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడింది గాల్లో. శక్తినంతా పెట్టి కొట్టాను. నెట్‌కి తగిలి మా వైపే పడింది. ఈసారి కావాలని కాదు, చేతకాక.

రెండో నంబరు చెయ్యెత్తింది. "మేరా, అక్కా."

"కాదు, నాది" అన్నాను పైకే, అందరూ వినేట్టు. బెంచీ నుంచి మేడమ్ "చుప్! ఖేలో!" అని గదిమారు.

తర్వాతి బంతి ఆమె ఎటైనా ఇవ్వచ్చు. అటుపక్క పదకొండు చేతులు చాచుకుని నిలబడి ఉంది కూడా. మళ్ళీ నాకే ఇచ్చింది. నేను టైముకే ఎగిరాను.